నా రెండో కాన్పు, బీపీ పుస్తకం

మొదటిసారి ఏడో నెలకే కాళ్ళకు నీరు పట్టింది. వెండి పట్టీలు తీస్తే చీలమండ చుట్టూ గాడి పడి ఉండేది. చూపించుకునే ఆసుపత్రిలో "వాపులు అందరికీ ఉండేవేనమ్మా" అని పంపేశారు, బీపీ కూడా చూడలేదు. వారం తిరక్కుండానే విపరీతమైన తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. మాది కోనసీమలో లంక ఊరు. రాత్రిపూట పడవలో పాయ దాటి, ఆటోలో అమలాపురం, అక్కణ్ణుంచి అంబులెన్సులో కాకినాడ చేరేసరికి బీపీ 170/110. ప్రీఎక్లాంప్సియా అన్నారు, అంటే గర్భంతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించి, 31 వారాలకే ఆపరేషన్ చేశారు. పాప 1,250 గ్రాములు. నెలన్నర అద్దంలోంచే చూసుకున్నాను. ఇప్పుడు బడికెళ్తోంది.

"ఆవకాయ మానమంటే విన్నావా అమ్మాయ్" అన్నారు మా అత్తయ్య. ఆవిడ బాధ ఆవిడది. కానీ ఆ మాట నాలుగేళ్ళు నన్ను తినేసింది.

మళ్ళీ నెల తప్పాక వేరే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మావారు వరి రైతని తెలిసి, "కాలవ పూడిక తియ్యకపోతే శివారు చేలకు నీరందుతుందాండీ?" అని అడిగారావిడ. కడుపులోనూ అంతేనట. మాయ, అంటే బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే ప్లాసెంటా, మొదటి నెలల్లో గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకెళ్ళి వాటిని వెడల్పు చెయ్యాలట. అవి ఇరుగ్గానే ఉండిపోతే మాయకు రక్తం చాలదు. అలాంటి మాయలో ఎఫ్ఎల్‌టీ1 అనే జన్యువు అతిగా పనిచేస్తుంది. దాన్నుంచి తయారయ్యే ఒక ప్రొటీన్ తల్లి రక్తంలోకి వచ్చి, రక్తనాళాలను బాగుంచే పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ని పట్టేసుకుంటుంది. బీపీ పెరిగేది, మూత్రంలో ప్రొటీన్ పోయేది అందుకే. ఈ సంగతి 2003లో బయటపడిందట. పైగా మాయ బిడ్డతోపాటు పుట్టేది, దాని జన్యువుల్లో సగం తండ్రివి. మావారు తల దించుకున్నారు. "ఎవరి తప్పూ కాదండీ" అన్నారావిడ. నేను అక్కడే ఏడ్చేశాను.

12వ వారం నుంచి 36 దాకా రోజూ పడుకునే ముందు 150 మిల్లీగ్రాముల యాస్ప్రిన్ వేసుకున్నాను. సొంతంగా మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి. మొదటి కాన్పులో ఇలా బీపీ వచ్చినవాళ్ళు మళ్ళీ నెల తప్పితే మూడో నెలలోనే డాక్టర్ని అడగండి, ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. రక్తం సరిగ్గా పారుతోందా అని చూసే డాప్లర్ స్కాన్లు మామూలే. ఇంటికి బీపీ మిషను కొన్నాం. పొద్దునా సాయంత్రం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూసి, మావారు ఎరువుల లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో రాసేవారు. 140/90 దాటితే ఎర్ర పెన్ను. 30వ వారంలో ఓ సాయంత్రం ఎర్రగా 142/88 పడింది. ఎంత టెన్షనో! డాక్టరుగారు రక్తం తీసి హైదరాబాద్ పంపించారు. ఆ రెండు ప్రొటీన్ల నిష్పత్తి 38 లోపు ఉంటే వారంలోపు జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువట. నాకు 20 కూడా లేదు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

37 వారాలకు బాబు పుట్టాడు, 2.7 కిలోలు. మాయ చూపించమని సిస్టర్‌ని అడిగాను. ట్రేలో ముదురెరుపు ముద్ద, బొడ్డుతాడు దగ్గర్నుంచి నాళాలు గోదారి పాయల్లా విడిపోయి ఉన్నాయి. చాలాసేపు చూశాను.

కాన్పయ్యాక కూడా బీపీ పెరగొచ్చని ఆరు వారాలు రాస్తూనే ఉన్నాం. ఇప్పుడా మిషను మా దగ్గర ఉండట్లేదు. ఊళ్ళో ఎవరు నెల తప్పినా అత్తయ్య సంచిలో పెట్టుకుని వెళ్తున్నారు.