అమ్మతో డాన్యూబ్ ఒడ్డున నాలుగు రోజులు

అమ్మ మూడు నెలల వీసా మీద మ్యూనిక్ వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ, నన్ను తిప్పడానికి డబ్బులు తగలెయ్యకు అని. స్విట్జర్లాండ్ అన్నాను, వద్దంది. పారిస్ అన్నాను, అక్కడ హోటల్ గది ఎంతో పక్కింటి వాళ్లని అడిగి తెలుసుకుని మరీ వద్దంది. "నీళ్లూ కొండలూ ఉండే చోటేదైనా ఉంటే చూడు, జనం తక్కువుండాలి" అంది చివరికి. అప్పుడు గుర్తొచ్చింది సెర్బియాలోని జెర్దాప్. ఆఫీసులో నా పక్క సీటు బెల్‌గ్రేడ్ అమ్మాయిది, ఏడాదిగా దీని గురించి చెబుతూనే ఉంది.

డాన్యూబ్ నది కార్పాతియన్ కొండల్ని చీల్చుకుని వెళ్లే చోటు ఇది. నదికి ఇటు ఒడ్డు సెర్బియా, అటు ఒడ్డు రొమేనియా. సెర్బియా వైపు దాదాపు 100 కిలోమీటర్ల పొడవునా నది వెంబడే ఉన్న అడవిని 1974లో నేషనల్ పార్కు చేశారు, 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్కుగా కూడా గుర్తించింది. పార్కుకి గేటు అంటూ ఏమీ లేదు, రోడ్డే పార్కులోంచి పోతుంది. చూడాల్సిన చోట్లకి మాత్రం విడివిడిగా టికెట్లు ఉంటాయి.

వెళ్దామనుకునే మనవాళ్ల కోసం వీసా సంగతి ముందే చెప్పేస్తాను. ఇండియన్ పాస్‌పోర్టు మీద సెర్బియా వెళ్లాలంటే 2023 జనవరి నుంచి వీసా కావాలి. కానీ గడువున్న షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) గానీ, ఇక్కడి రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే విడిగా అక్కర్లేదు. అయితే సెర్బియా షెంగెన్‌లో లేదు కాబట్టి అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు వాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా కాదా అని రెండుసార్లు చూసుకోండి, లేకపోతే తిరిగి జర్మనీలోకి రానివ్వరు. అమ్మ వీసా మల్టిపులే అని తెలిసినా, ఎయిర్‌పోర్టులో స్టాంపు పడేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

బెల్‌గ్రేడ్‌లో కారు అద్దెకి తీసుకున్నాం. రెండు గంటల్లోపే గోలుబాట్స్ వచ్చేసింది. అక్కడ నది ఎంత వెడల్పంటే అమ్మ ఇది సముద్రమా అని అడిగింది. కాస్త ముందుకెళ్లేసరికి రెండు వైపులా కొండలు దగ్గరపడతాయి, సరిగ్గా ఆ మూల మీద కోట, బురుజులు మెట్లు మెట్లుగా కొండెక్కుతూ, కింది బురుజు నీళ్లలోనే నిలబడి. పధ్నాలుగో శతాబ్దం నాటిది. ఒకప్పుడు లారీలూ బస్సులూ అన్నీ ఈ కోట గుమ్మాల్లోంచే పోయేవట, మరమ్మతులు చేసేటప్పుడు పక్కన సొరంగం తవ్వి రోడ్డు మార్చారు, 2019లో కోటని మళ్లీ జనం కోసం తెరిచారు. ఎక్కే ఓపికని బట్టి రంగుల వారీగా టికెట్లు పెట్టడం నాకు నచ్చింది. అమ్మ మోకాళ్లకి ఆకుపచ్చ టికెట్టు సరిపోయింది.

మర్నాడు పొద్దున ఇంకోసారి ఆ కోట దగ్గరికే వెళ్లాం, లేత ఎండలో ఫొటోలు తీద్దామని. పదింటికి వెళ్తే అంతా మూసి ఉంది. అరగంట కూర్చున్నాక అర్థమైంది. మా ఫోన్లు నదికి అటువైపున్న రొమేనియా టవర్‌ని పట్టుకుంటున్నాయి, అక్కడి టైము సెర్బియా కన్నా గంట ముందు. అంటే మేం తొమ్మిదింటికే వచ్చేశామన్నమాట. ఫోన్లో టైముని ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో పెట్టుకోండి. జర్మనీ సిమ్ వాళ్లకి దీనివల్ల లాభం కూడా ఉంది. రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో ఉంది కాబట్టి ఆ సిగ్నల్ దొరికినంతసేపూ రోమింగ్ ఖర్చు లేదు, సెర్బియా నెట్‌వర్క్‌కి మారితే మాత్రం వాత పడుతుంది.

బస దోన్యి మిలనోవాట్స్ అనే చిన్న ఊళ్లో. ఒకావిడ తన ఇంటి పై అంతస్తులో గది ఇచ్చింది, ఇద్దరికీ కలిపి రాత్రికి 3500 దినార్లు, అంటే 30 యూరోలు. మ్యూనిక్‌లో ఆ డబ్బుకి ఇద్దరం కూర్చుని కడుపునిండా తినడం కూడా కష్టమే. ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి, ఇంగ్లిష్ రాదు, మాకు సెర్బియన్ రాదు. ఎక్కణ్నుంచి అని అడిగితే ఇండియా అన్నాను, ఆవిడ తల ఊపి నోవి సాద్ దగ్గర కదా అంది. అక్కడ ఇంజియా అని నిజంగానే ఒక ఊరుంది! అమ్మ చీర చూపించాక అప్పుడు తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లోపలికి రాగానే పళ్లెంలో చిన్న గాజు గిన్నె, రెండు చెంచాలు, రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. గిన్నెలో పాకంలో ఉడికించిన చెర్రీ పళ్లు, దాన్ని స్లాట్కో అంటారు. ఇంటికొచ్చిన వాళ్లు ముందు ఒక్క చెంచాడు తిని మంచినీళ్లు తాగాలి, ఆ తర్వాతే కాఫీ, మాటలు. ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్లతో పాటు బెల్లం ముక్క పెట్టేది మా అమ్మమ్మ. అమ్మకి ఆవిడ నచ్చేసింది ఆ చెంచాతోనే అనుకుంటాను.

లెపెన్స్కి వీర్ అక్కడికి పదిహేను కిలోమీటర్లు. కారు ఆపాక అడవిలో కొంచెం దూరం నడవాలి, తర్వాత ఎత్తైన గాజు కప్పు కింద ఒక ఊరు. ఇళ్లు కావు, ఇళ్ల నేలలు. ఒక్కొక్క నేల నది వైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, చేట ఆకారంలో ఉంటుంది, మధ్యలో రాళ్లు పేర్చిన పొయ్యి. 1965 నుంచి బెల్‌గ్రేడ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ద్రాగోస్లావ్ స్రెయోవిచ్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఆ పొయ్యిల పక్కన గుండ్రాళ్ల మీద చెక్కిన ముఖాలు దొరికాయి. దాదాపు 8 వేల ఏళ్ల నాటివి. రెండు గుండ్రటి కళ్లు, కిందికి జారిన పెద్ద నోరు, సగం మనిషి సగం చేప. ఒకదాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను, నీళ్లలోంచి అప్పుడే తల పైకెత్తి గాలి కోసం నోరు తెరిచినట్టుంది. ఎదురుగా రొమేనియా ఒడ్డున త్రెస్కావాట్స్ అనే కొండ ఉంది, దాని ఆకారమూ ఈ ఇళ్ల ఆకారమూ ఒకటే. పొద్దున లేచి గుమ్మంలోకి రాగానే కనబడే కొండలాగే ఇల్లు కట్టుకున్నారేమో ఆ జాలర్లు.

ఈ ఊరు ఇప్పుడున్న చోట పుట్టలేదు. యుగోస్లావియా, రొమేనియా కలిసి నదికి దిగువన ఐరన్ గేట్ డ్యామ్ కట్టాయి, 1964లో మొదలై 1972కి పూర్తయింది. నీళ్లు పెరుగుతాయని తెలిసి ఆ నేలల్ని విడదీసి దాదాపు ముప్పై మీటర్లు పైకి తెచ్చి మళ్లీ పరిచారు. ఇదంతా అమ్మకి చదివి వినిపిస్తుంటే మధ్యలోనే ఆపేసింది. "అంటే మన అనుపులో పెట్టినట్టేగా."

మాది మాచర్ల. అమ్మమ్మ పుట్టిల్లు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. ఇక్ష్వాకుల విజయపురిలో 1954 నుంచి ఆరేళ్లపాటు తవ్వి, బయటపడిన వాటిలో ముఖ్యమైనవాటిని విప్పి కొన్ని కొండమీదికి, కొన్ని ఒడ్డున అనుపుకి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నాగార్జునకొండ ద్వీపం. చిన్నప్పుడు లాంచీలో వెళ్తుంటే అమ్మమ్మ రెయిలింగ్ మీంచి వంగి, అదిగో అక్కడ మా నాన్న ఇల్లు, ఆ పక్కన చింతచెట్టు, అని నీళ్లలోకి వేలుపెట్టి చూపించేది. మేం పిల్లలం అటు తొంగి చూసేవాళ్లం, నీళ్లు తప్ప ఏమీ కనబడేది కాదు.

మూడో రోజు పొద్దున నేనొక్కదాన్నే ప్లోచె అనే చోటికి కొండెక్కాను, అమ్మ రానంది. ఓక్, బీచ్ చెట్ల నీడలో గంటకి పైగా నడక, మధ్యలో ఒక్క మనిషి ఎదురైతే ఒట్టు. ఒకచోట అడవి లైలాక్ పొదకి చివరి పూలు ఇంకా ఉన్నాయి. చివర్లో ఉన్నట్టుండి చెట్లు అయిపోయి రాతి అంచు మీద తేలాను. కింద పెద్ద కజాన్ అనే లోయ. కజాన్ అంటే గుండిగ. అంత పెద్ద డాన్యూబ్ ఇక్కడ 150 మీటర్ల ఇరుకులోంచి దూరి పోతుంది, లోతు ఎనభై మీటర్ల పైమాటే. అయినా చప్పుడు లేదు. డ్యామ్‌కి ముందు ఈ దారిలో సుడిగుండాలకి పడవలవాళ్లు వణికిపోయేవారట, ఇప్పుడు చెరువులా నిశ్శబ్దంగా ఉంది. అరగంట కూర్చున్నాను, ఒక బార్జ్ ఆ మలుపులోకి వచ్చి మళ్లీ కనుమరుగయ్యేదాకా.

తిరిగొచ్చేసరికి వంటింటి బల్ల మీద పాత ఆల్బమ్ తెరిచి ఉంది, ఇద్దరూ దాని మీదికి వంగి ఉన్నారు. ఇంటావిడ సెర్బియన్‌లో, అమ్మ తెలుగులో, ఎవరి మానాన వాళ్లు మాట్లాడుకుంటున్నారు. నేను ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టాక కథ తెలిసింది. ఈ ఊరు కూడా ఇక్కడ పుట్టింది కాదు. మొదట నదిలో ఒక ద్వీపం మీద ఉండేది, వరదలకి తట్టుకోలేక 1830లలో ఒడ్డుకి మార్చారు, డ్యామ్ వచ్చాక మళ్లీ ఇక్కడికి. ఆవిడకి అప్పటికి పధ్నాలుగేళ్లు. ఒక ఫొటోలో వాళ్ల నాన్న, పక్కన ఆయనకన్నా పొడుగు చేప. దాన్ని మొరూనా అంటారు, బెలుగా స్టర్జన్. గుడ్లు పెట్టడానికి నల్ల సముద్రం నుంచి నదికి ఎదురీదుకుంటూ వచ్చేది, డ్యామ్ అడ్డం పడ్డాక ఇక్కడిదాకా రావడం మానేసింది. వాళ్ల నాన్న వల అటక మీదే ఉందట ఇప్పటికీ. బడి ఎక్కడుండేదని నేను అడిగితే ఆవిడ లేచి, కిటికీ తెరిచి, నీళ్లలోకి వేలుపెట్టి చూపించింది. అమ్మ కూడా లేచి వెళ్లి ఆ పక్కన నిలబడి చూసింది.

ఆ రాత్రి ఆవిడే చేపల చారు కాచింది, వాలుగ జాతి చేపతో. మిరపపొడితో ఎర్రగా ఉంటుంది కానీ కారం ఉండదు. చింతపండు పడితే మన పులుసే అయ్యేది.

ఆఖరి రోజు టేకియా నుంచి పడవ ఎక్కాం. జనం నిండితే గానీ కదలదు, రెండు గంటలు కూర్చోబెట్టారు, అదొక్కటే విసుగొచ్చింది. రొమేనియా వైపు కొండకి డేసియా (ఇప్పటి రొమేనియా ప్రాంతంలోని పాత రాజ్యం) చివరి రాజు డెసెబాలస్ ముఖం చెక్కి ఉంది, నలభై మీటర్ల ఎత్తు, 2004లో పూర్తయింది. సెర్బియా వైపు, నీళ్ల మీంచి మాత్రమే కనబడేలా, అతన్ని ఓడించిన రోమన్ చక్రవర్తి ట్రాజన్ రాతి శాసనం. కొండ అంచున రోడ్డు వేయించానని క్రీ.శ. 100లో చెక్కించుకున్నాడు. "ఇదీ పైకెత్తిందేనా?" అంది అమ్మ. అవును, దీన్నీ బండతో సహా కోసి ఇరవై మీటర్లకు పైగా లేపారు. పడవాయన ఇంకోవైపు చెయ్యి చూపించి, అక్కడ 'అదా కాలే' అనే ద్వీపం ఉండేదన్నాడు. టర్కీ వాళ్లుండేవారు, మసీదూ సందులూ ఉండేవి, 1970ల మొదట్లో మునిగిపోయింది. అమ్మ ఆ నీళ్లకి దణ్నం పెట్టుకుంది.

బయల్దేరేటప్పుడు అమ్మ బ్యాగులోంచి జాకెట్టు ముక్క తీసి, ఇంటావిడకి బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. ఆవిడ అద్దంలో చూసుకుని, బొట్టు చెరగకుండా అలాగే గేటు దాకా వచ్చి, ఒక సీసాడు స్లాట్కో ఇచ్చింది. చేతి బ్యాగులో సీసా తీసుకెళ్లనివ్వరు కదా, నాలుగు రోజులూ పైసా పైసా చూసుకున్న అమ్మే దానికోసం చెక్-ఇన్ లగేజీకి డబ్బు కట్టమంది. ఆ సీసా ఇప్పుడు మాచర్లలో ఉంది. ఇంటికెవరైనా వస్తే ముందు ఒక చెంచాడు అది, ఒక గ్లాసు నీళ్లు.