తమ్ముడి బొటనవేలు

ఈ ఉదయం తమ్ముడి కుడికాలి బొటనవేలు కదిలింది. "అక్కా, చూడు" అన్నాడు. దుప్పటి తొలగించి ఊపిరి బిగబట్టి చూశాను. మళ్లీ కదిలింది. గోరంత మేర, అంతే.

వాడు మెట్ల మీద నుంచి పడి 14 నెలలైంది. వెన్నుపాము పూర్తిగా తెగలేదు, నలిగిందని మొదట్లోనే చెప్పారు. ఆ తేడా ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు. దెబ్బ తగిలిన చోటికి కింద, నడకను నడిపే నాడుల అల్లిక చాలావరకు అలాగే ఉంటుంది. మెదడు పంపే కబురే దానికి అందదు.

వాడు నిద్రపోయాక రాత్రుళ్లు ఇవన్నీ చదివేదాన్ని. 2014లో అమెరికాలోని లూయివిల్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, వెన్నుపాము పైపొర మీద అమర్చిన ఎలక్ట్రోడ్ల (సన్నని విద్యుత్ ప్రేరణ ఇచ్చే తీగల కొసలు) సాయంతో నలుగురు పురుషులు కదలని కాళ్లను తమ ఇష్టంతో కదిలించగలిగారు. 2023లో స్విట్జర్లాండ్‌లో గ్రెగ్వార్ కోర్టీన్, జోస్లీన్ బ్లాక్ అనే పరిశోధకుల బృందం వెన్నుపాము దెబ్బతిన్న ఒక వ్యక్తి మెదడు సంకేతాలను ఒక పరికరంతో, తీగలు లేకుండా వెన్నుపాముకు చేరవేసింది. నెలల సాధన తర్వాత, పరికరం ఆపేసినా ఆయన ఊతకర్రలతో నడవగలిగారు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో! అంటే నాడులు కొత్తగా నేర్చుకుంటున్నాయన్నమాట.

తమ్ముడికి ఏ పరికరమూ లేదు. ఉన్నదల్లా రోజూ వచ్చే ఫిజియోథెరపిస్టు, వాడి మొండితనం. వేలు కదిలినంత మాత్రాన నడక వస్తుందని నేను అనుకోవడం లేదు. అయినా మధ్యాహ్నం దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సాయంత్రం వాడే అడిగాడు, ఎడమకాలు కూడా ఒకసారి చూద్దామా అని.