ఊక తొక్కిన పిల్ల

మా గేదె గౌరి పడుకుంది. నాకే నిద్ర రావడం లేదు.

సాయంత్రం పక్క ఊరి నుంచి దున్నపోతు వీర్యం దాచే వేరే క్యాను తెప్పించి, చూడి కట్టడానికి సూది వేశారు, సంతోషం. ఇవాళ తప్పితే మళ్లీ 21 రోజులని అత్తయ్య పొద్దుటి నుంచి నాకే అప్పజెప్పింది, గేదె ఎదకు రావడం నా పూచీ అయినట్టు.

మధ్యాహ్నం, ఊళ్లో పశువులకు ఈ సూదులు వేసే గోపాలమిత్ర తన క్యాను మూత తీసి కొలపుల్ల దించితే, మంచు గీత రెండు వేళ్లే, అంటే వీర్యాన్ని చల్లగా ఉంచే ద్రవ నత్రజని అడుగంటింది. "మొన్ననే నింపించానండీ" అన్నాడు. క్యాను ఒళ్లంతా చెమట. "ఎవరికి చెబుతావు బాబూ" అనేశాను. ఈయన ఊరుకోకుండా గోనె సంచులు తెచ్చి తాడుతో బిగించి కట్టారు. లోపలి ద్రవం సున్నాకు 196 డిగ్రీల కింద, గోనెకు లొంగుతుందా?

చిన్నప్పుడు నేనూ అంతే. చిన్నత్త పెళ్లికి పాలకొల్లు నుంచి తెచ్చిన ఐస్ దిమ్మను తాతయ్య ఊకలో పూడ్చారు. చలి బయటికి పోకూడదని నేను దానిమీద ఎక్కి తొక్కాను. తాతయ్య జడ పట్టి దించారు. "ఊకలో గాలి ఉండాలే, మంచు నిలిచేది దాంతోనే." మర్నాడు పంపు కింద కడిగినా ఊక వదల్లేదు, నిమ్మరసం తాగిన వాళ్లంతా ఉమ్ముకున్నారు. జడ నొప్పి ఇప్పటికీ గుర్తుంది.

రాత్రి అన్నం దగ్గర మా వాడు చెప్పాడు. క్యాను రెండు గోడల మధ్య గాలే ఉండకూడదట. ఆ శూన్యంలో పల్చటి అల్యూమినియం రేకులు, రేకుకూ రేకుకూ మధ్య కాగితం. మెరిసే రేకు వేడిని వెనక్కి తిప్పుతుంది, కాగితం రేకులను తగలనివ్వదు. ఎక్కువ పొరలు కుక్కి నొక్కితే వేడి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుందట. ఎక్కడైనా అతుకు వదిలి గాలి దూరితే అన్ని పొరలున్నా పెద్దగా లాభం లేదు, బయట చెమట అందుకేనట. తాతయ్యకు గాలి చుట్టం, వీళ్లకు శత్రువు. నొక్కితే మాత్రం రెండు చోట్లా చెడినట్టే.

అంటే నిజంగానే మొన్న నింపించాడేమో. ఈ గతుకుల గట్టు మీద బండికి కట్టుకుని తిరిగితే ఏ అతుకు నిలుస్తుంది? పాపం, ఊరికే అన్నాను. అయినా చెమట పట్టిన క్యాను చూసి అతను పొద్దున్నే మాకు చెప్పాలా వద్దా?

గోనెలు విప్పి అరుగు మీద ఆరేశాను. లోపలి మడత ఇంకా చల్లగానే ఉంది.