నిమ్మ మానుకు పూత: ఎండాకాలం తెలుపు, వానాకాలం నీలం

పొదలకూరు దగ్గర మా చేలో నాటిన నిమ్మ మొక్కలకు ఇది మూడో ఏడు. గట్టు వెంబడి కొన్ని మామిడి అంట్లు కూడా ఉన్నాయి. నెల్లూరులో ఉద్యోగం, సెలవు రోజుల్లో చేను. ఈ ఏడాది మానుకు ఎండ దెబ్బ, తెగులు తగలకుండా పూసే పూత మీద గట్టిగా పనిచేశాను. లేత తోట ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఫిబ్రవరి ఆఖరు. మాను మీద లేచిన పిలకలు తీసేసి, మొదట్లో అంటిన మట్టిని తడిగుడ్డతో తుడిచాను. లేత బెరడును గీకకూడదు, ఆ గాయంలోంచే తెగులు దిగుతుంది. ఒక వరసకు సున్నం, పక్క వరసకు తెల్ల ఎమల్షన్ (గోడలకు వేసే, నీళ్లతో కలిసే పెయింటు). మన ఎండకు ఏది నిలుస్తుందో పక్కపక్కనే చూడాలని.

పొడి సున్నం కిలోకు రెండున్నర లీటర్ల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టాను. మజ్జిగంత చిక్కగా ఉంటే చాలు. పట్టు కోసం ఒక చెంబు గంజి కలిపాను. గోడల సున్నంలో కొందరు ఉప్పు వేస్తారు, చెట్టుకు మాత్రం వద్దు. వానకు కారి వేళ్ల దగ్గరికే చేరుతుంది, నిమ్మ జాతి ఉప్పును అసలు ఓర్చుకోదు. కాల్చిన గడ్డ సున్నమే దొరికితే జాగ్రత్త: నీళ్లు పడగానే కుతకుత ఉడికి చిమ్ముతుంది, కళ్లద్దాలు పెట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. పూర్తిగా చల్లారాకే పూయాలి.

ఎమల్షన్‌కు సగానికి సగం నీళ్లు కలిపాను. ఆయిల్ పెయింటు, ఎనామిల్ వద్దే వద్దు, వాటిలోని టర్పెంటైన్ లాంటివి లేత బెరడును పాడుచేస్తాయి.

పూత ఏ వైపు వేయాలన్నది నేను ఎక్కువగా ఆలోచించిన విషయం. చాలా చోట్ల నైరుతి వైపు జాగ్రత్త అని చెబుతారు. అది ఉత్తరాది దేశాల లెక్క. నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరుకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తర్వాత ఆగస్టు మధ్య దాకా కాస్త ఉత్తరానికే ఉంటాడు. కాబట్టి మే నెలలో మాను కాలేది సాయంత్రపు ఎండకు, పడమర, వాయవ్యం వైపు. నడినెత్తి ఎండ దెబ్బ అడ్డంగా పోయిన కింది కొమ్మల వీపు మీద పడుతుంది. అందుకే మాను చుట్టూ పూసి, ఆ కొమ్మల పైభాగానికి కూడా వేశాను. కొమ్మలు బాగా కత్తిరించిన చెట్టుకైతే ఇది మరీ అవసరం, అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండలో పడుతుంది.

ఏప్రిల్. సున్నం వరసలో కొన్ని మానులు చేత్తో రాస్తే పొడి రాలుతోంది. సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడుతో పాటు కాస్త తడి కూడా కావాలి. పొద్దున పూసింది ఎండకు గంటలో ఆరిపోతే పట్టు రాదు. రెండో పూత సాయంత్రం, మానును నీళ్లతో తడిపి వేస్తే చక్కగా పట్టింది.

రోహిణి కార్తెలో మూడు గంటలప్పుడు పూసిన మానునూ, పక్క చేలో పూయని మానునూ చెయ్యేసి చూశాను. పూయనిది చురుక్కుమంది, తెల్లది గోరువెచ్చగా ఉంది. ఇంకో మేలు ఏంటంటే, చెదల మట్టి దారులు, బెరడు తినే పురుగు వదిలిన పొట్టు తెలుపు మీద దూరం నుంచే కనపడతాయి. ఒక మామిడికి చెదలు ఇలాగే తొందరగా దొరికాయి.

గాలివాన ఒకటి పడ్డాక తేడా తెలిసింది. సున్నం ఒక పక్క కారిపోయింది, ఎమల్షన్ చెక్కుచెదరలేదు. పది పాతిక మొక్కలున్న పెరటికి ఎమల్షనే మంచిదని నా అభిప్రాయం. ఎకరాల తోటకు మాత్రం ఖర్చు చూస్తే సున్నమే.

సెప్టెంబరు ఆఖరు. మన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలది. ఇప్పుడు ఎండ కాదు, బంక కారే తెగులు భయం. దాన్ని తెచ్చే ఫైటోఫ్తొరా అనే బూజు లాంటి సూక్ష్మజీవి నేల తడిలో ఈదుతుంది, వాన చినుకు బురదను ఎగజిమ్మితే మానుకెక్కుతుంది. దీనికి నీలం రంగు బోర్డో పేస్ట్. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు అన్నది అందరూ వాడే పాళ్లు. నాకు రెండు లీటర్లు చాలు కాబట్టి రెండూ 200 గ్రాముల చొప్పున. విడివిడి ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నంలో పోస్తూ కలియబెట్టాలి. ఇనుము, అల్యూమినియం గిన్నెలు తినేస్తుంది. శుభ్రంగా తోమిన ఇనప మేకును కాసేపు ముంచి తీస్తే ఎర్రగా రాగి పట్టకూడదు. పడితే ఇంకాస్త సున్నం కలపాలి. కలిపింది ఆ రోజే పూసేయాలి. మిగిలింది కాలవలో, చెరువులో పారబోయకండి, రాగి చేపల్ని చంపుతుంది.

నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా, అంటు కట్టిన చోటుకు ఇంకొంచెం మందంగా పూశాను. పాదులో నీళ్లు మానుకు తగులుతుంటే ఏ పూతా కాపాడదు. అందుకే మొదట్లో మట్టి ఎగదోసి చిన్న దిబ్బ చేసి, నీళ్లు బయటి పాదులోనే నిలిచేలా రెండు చుట్ల గట్టు కట్టాను.

జనవరి. వానలు తగ్గాక మొక్కలన్నీ చూశాను, బంక ఎక్కడా లేదు. నీలం చాలావరకు నిలిచింది, అరిగిన చోట మళ్లీ పూశాను. ఫిబ్రవరిలో తెలుపు అన్నిటికీ వేయను. మూడు గంటల ఎండలో మాను మీద సొంత ఆకుల నీడ పడుతున్న నిమ్మ చెట్లను వదిలేస్తాను. ఇంకా ఎండలో ఉన్న వరసలకు, కత్తిరింపు అయిన మామిళ్లకు ఎమల్షన్ వేస్తాను.