అమ్మ ఈసీజీ

"చూడుర్రి, గీతల మధ్య దూరం సమానంగ లేదు" అని డాక్టరమ్మ ఈసీజీ కాగితం నా ముందర పెట్టింది. రెండు పెద్ద గీతల మధ్య ఒకచోట రెండు గడులు, పక్కనే నాలుగు. ప్రతి పెద్ద గీతకు ముందుండాల్సిన చిన్న బుడిపె, పీ వేవ్, ఎక్కడా లేదు. ఆ జాగల సన్నటి వణుకు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అట, అంటే గుండె పైగదులు లయ తప్పి వణుకుడు. మామూలుగ గుండెల కరెంటు కుడి పైగదిలోని సైనస్ నోడ్ దగ్గర మొదలైతది. అమ్మకిప్పుడు పైగదులల్ల అది ఎటుపడితే అటు తిరుగుతున్నది, నిమిషానికి 350 నుంచి 600 సార్లు! ఆ కరెంటు తట్లన్నీ కిందిగదులకు దిగితే గుండె తట్టుకోలేదు. నడుమ ఏవీ నోడ్ ఉండి, చెరువు తూము కాడ నీరటిలెక్క, చాలావాటిని ఆపేస్తది. వదిలినవి వరుసగ రావు, అందుకే నాడి గట్ల తప్పుతున్నది.

ఆ పిసరంత నోడ్ మీద నాకు ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను.

అసలు భయం దడ కాదు. పైగదులు సరిగ్గ ముడుచుకోక రక్తం నిలిచి, ఎడమ పైగది మూలకు గడ్డ కడితే, అది మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. దానికే రక్తం గడ్డకట్టకుండ గోలీలు రాసింది.

నల్లగొండ నుంచి బస్సుల వస్తుంటే అమ్మ అడుగుతున్నది, "దడ తగ్గినంక బంద్ చేయొచ్చా బిడ్డా?" డాక్టరమ్మను అడగకుండ ఒక్క పూట కూడా ఆపేది లేదని చెప్పిన.