బెంగళూరులో టీబీ: మాత్రలు చేతికొచ్చాయి, డబ్బు ఎక్కడ ఆగింది?

టీబీ అని తేలితే బెంగళూరులో మందు దొరకడం కష్టమేమీ కాదు. వార్డు ఆరోగ్య కేంద్రంలోనే మాత్రలిస్తారు, పైసా తీసుకోరు. ఆధార్ మీద హిందూపురం అడ్రసున్నా మదనపల్లి అడ్రసున్నా అడ్డు చెప్పరు. చిక్కంతా ఆ తర్వాత ఖాతాలో పడాల్సిన డబ్బుతోనూ, సెలవు జీతంతోనూ, బియ్యంతోనూ. నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడాక నయమైంది. జబ్బు సంగతులు డాక్టర్లు చెప్పారు. కాగితాల సంగతులు మాత్రం మాత్రల కోసం బెంచీ మీద కూర్చున్న తోటి రోగులే చెప్పారు. ఈ రెండో రకం సమాచారం ఎక్కడా ఒకచోట రాసి కనబడదు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు పరీక్ష. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిపోయే బరువు లాంటివి ఉన్నా తెమడ పరీక్ష చేయించుకోవాల్సిందే. రెండు డబ్బీలిస్తారు. ఒకదాంట్లో అక్కడికక్కడే, రెండోదాంట్లో మర్నాడు లేవగానే తెమడ పట్టివ్వాలి. నోట్లో ఊరే ఉమ్మి పనికిరాదు, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీయాలి. ఉమ్మి ఇస్తే ఉన్న టీబీ కూడా లేదని రావచ్చు. ట్రూనాట్, సీబీనాట్ మెషీన్లు క్రిమి ఉందా లేదా అన్నదే కాక, అది రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా లేదా అన్నది కూడా చెబుతాయి. లొంగకపోతే చికిత్స దారి వేరు. నేను ఇక్కడ చెప్పే మాత్రల లెక్కలన్నీ లొంగే రకానివి.

పరీక్షలో తేలగానే మన పేరు నిక్షయ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ఎక్కుతుంది, ఒక నంబరు వస్తుంది. మందుల కార్డు మీద ఆ నంబరు ఉందో లేదో చూసుకోండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత ఏ పని జరగాలన్నా అదే ఆధారం. ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంటున్నా ఈ నంబరు ఉండి తీరాలి. టీబీ కేసును ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరి. పోషణ డబ్బు ప్రైవేటులో వైద్యం చేయించుకునే వాళ్ళకు కూడా వస్తుంది, ఆ సంగతి తెలియక వదులుకున్నవాళ్ళు మా బెంచీ మీదే ఉన్నారు.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు అక్కడ టీబీ అని తేలుతుంది, పనికోసం మళ్ళీ బెంగళూరు వస్తారు. ఇక్కడి కేంద్రంలో పాత నంబరు చెప్పకపోతే కొత్త రోగిగా రాసేసుకుంటారు. ఒకే మనిషికి రెండు నంబర్లు పడితే డబ్బు చిక్కుల్లో పడుతుంది. ఊరు మారేటప్పుడు అడగాల్సింది ట్రాన్స్‌ఫర్. ఊళ్ళో వాళ్ళు పోర్టల్లో పంపాలి, ఇక్కడి వాళ్ళు అందుకున్నామని నొక్కాలి. పంపడం జరిగి అందుకోవడం జరగకపోతే మనం రెండూళ్ళకూ చెందం. అందుకే ఊళ్ళో ఆశా కార్యకర్త ఫోన్ నంబరు తీసుకునే బయల్దేరాలి.

ఇక డబ్బు. నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2024 నవంబరు 1 నుంచి 1,000 అయింది. నెలనెలా రాదు. ఆరు నెలలకు 6,000 లెక్కగట్టి రెండు విడతలుగా వేస్తారు. జబ్బు తేలి పేరు ఎక్కాక 3,000, చికిత్స 84 రోజులు పూర్తయ్యాక మరో 3,000. ఈ 84 ఎక్కడిదంటే, మొదటి రెండు నెలలకు 56 డోసులు, తర్వాతి నాలుగు నెలలకు 112, మొత్తం 168, అందులో సగం. చికిత్స మొదలైన తేదీ పోర్టల్లో సరిగా పడిందో లేదో అడగమనేది అందుకే. రోజుల లెక్క ఆ తేదీ నుంచే.

డబ్బు రానప్పుడు అందరూ కేంద్రానికి వెళ్ళి "డబ్బు రాలేదు" అంటారు. "వస్తుంది" అని జవాబొస్తుంది. కదిరి వైపు నుంచి వచ్చి తాపీ పని చేసే ఒకాయన ఈ విషయం తేల్చి చెప్పాడు: "దుడ్డు రాలేదని అడగొద్దప్పా, యాడ నిలిచిందో అడుగు." ఆ ప్రశ్న కన్నడంలో "యావ హంతదల్లి నింతిదె?" అవుతుంది. ఇలా అడిగితే అవతలివాళ్ళు పోర్టల్ తెరిచి చూడక తప్పదు. అడగాల్సింది మాత్రలిచ్చే నర్సమ్మను కాదు, ఎస్‌టీఎస్ అని పిలిచే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ను. ఆయన రోజూ ఒకే కేంద్రంలో ఉండడు, నాలుగైదు చోట్ల తిరుగుతుంటాడు. ఏ వారం ఏ పూట వస్తాడో ముందే కనుక్కోవాలి.

ఆగే చోట్లు నాలుగు. మొదటిది, ఖాతా వివరాలు అసలు ఎక్కకపోవడం. పాసుబుక్ జిరాక్స్ ఇచ్చేశాం కదా అనుకుంటాం, అది ఫైల్లోనే పడి ఉంటుంది. రెండోది, కేంద్రం చెల్లింపులు చూసే పీఎఫ్ఎంఎస్ వ్యవస్థ ఖాతాను సరిచూసినప్పుడు తిప్పికొట్టడం. ఇక్కడే ఎక్కువమందివి ఆగుతాయి, కారణాలు చాలా చిన్నవి. పాసుబుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పోర్టల్లో ఇక్కడివాళ్ళు చెవికి వినబడినట్టు రాసుకున్న మూడో స్పెల్లింగ్ ఉంటుంది. పేరు నోటితో చెప్పకుండా ఆధార్ కార్డు చేతికిచ్చి చూసి కొట్టమనడం మంచిది.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా ఇదే మెట్టులో దెబ్బ తీస్తుంది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. రాయలసీమ ఊళ్ళలో వాడుకలో ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, చిత్తూరు వైపు సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. మనవాళ్ళ పెట్టెల్లో ఉండేవి ఇంకా ఆ పాత పాసుబుక్కులే. వాటి మీద అచ్చయిన కోడ్ కొట్టిస్తే లాభం లేదు. బ్యాంకు శాఖకు ఫోన్ చేసి ఇప్పటి కోడ్, ఇప్పటి ఖాతా నంబరు రెండూ అడిగి రాసుకోండి. రెండేళ్ళుగా లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రలోకి పోతుంది. కేవైసీ కాగితాలిచ్చి దాన్ని లేపాలి, అది బెంగళూరులో ఆ బ్యాంకు వేరే శాఖలో కుదురుతుందేమో ముందు అడిగి చూడండి, ఊరి ప్రయాణం తప్పొచ్చు.

మూడోది, ఆధార్ మ్యాపింగ్. "నా ఖాతాకు ఆధార్ లింకు ఉంది" అంటే సరిపోదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, అందులో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. ఆఖరున ఏ బ్యాంకు మన అనుమతితో ఎక్కించిందో అదే ఉంటుంది. ఆధార్ దారిన వచ్చే సర్కారు డబ్బు అక్కడికే పోతుంది. ఎప్పుడో ఒక కంపెనీలో చేరినప్పుడు తెరిచి మరిచిపోయిన జీతం ఖాతాలో ఈ డబ్బు కూర్చున్న సందర్భాలున్నాయి. ఫోన్లో *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇస్తే ఏ బ్యాంకు ఉందో తెలుస్తుంది. మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అనే చోట కూడా కనబడుతుంది, దానికి మాత్రం ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు మన చేతిలో ఉండాలి. ఏ ఖాతా పనిచేయకపోతే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సులువు. పోస్ట్‌మ్యాన్ వేలిముద్రతో ఇంటి దగ్గరే తెరుస్తాడు, ఆధార్ మ్యాపింగ్ కూడా చేయమని అప్పుడే చెప్పాలి.

నాలుగోది మన చేతిలో లేనిది. చెల్లింపు ఒకరు తయారుచేస్తే పైనున్న జిల్లా టీబీ అధికారి ఆమోదించాలి, ఆ తర్వాత నిధులుండాలి. ఈ మెట్టులో ఉందని తెలిస్తే తిరగడం మానేసి పని చూసుకోండి. మరీ ఆలస్యమైతే 1800-11-6666 ఉచిత నంబరుకు ఫోన్ చేసి నిక్షయ్ నంబరు చెప్పి ఫిర్యాదు రాయించవచ్చు.

పీణ్యాలోనో బొమ్మసంద్రలోనో ఫ్యాక్టరీ పని, గార్మెంట్ పని, సెక్యూరిటీ పని చేస్తూ జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతున్నవాళ్ళు 6,000 గురించి తర్వాత ఆలోచించండి, ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్ళండి. మామూలు జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. దీర్ఘకాలపు జబ్బుల జాబితాలో టీబీ ఉంది. రెండేళ్ళ సర్వీసు, దానికి తగ్గ చందా రోజులు ఉంటే 80 శాతం చొప్పున ఇంకా పొడిగిస్తారు, అవసరమైతే రెండేళ్ళ దాకా. మెలిక ఒక్కటే: సర్టిఫికెట్ ఈఎస్ఐ డాక్టరుదే కావాలి. మందులు వార్డు కేంద్రంలో తీసుకుంటున్నా, మొదటి రోజు నుంచే ఈఎస్ఐ వాళ్ళకు చూపించుకుని సెలవు రాయించుకోవాలి. మధ్యలో ఒక వారం సర్టిఫికెట్ తెగితే ఆ వారం డబ్బు పోయినట్టే. సూపర్‌వైజర్ బతిమాలాడని ఆ రోజుల్లో డ్యూటీకి వెళ్ళి సంతకం పెట్టడం అసలు చేయకూడదు. మా బెంచీ మీద ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి, డబ్బు లెక్కన ఇదే పెద్దది.

బియ్యం సంగతి. ఆంధ్రా కార్డు మీద బెంగళూరు న్యాయబెలె అంగడిలో (రేషన్ షాపులో) బియ్యం తీసుకోవచ్చు, అయితే కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉండాలి. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డయితే ఇక్కడ చెల్లదు. మీది ఏ రకమో 14445కు ఫోన్ చేస్తే చెబుతారు. మనిషికి నెలకు 5 కిలోలు, ఉచితం. కర్ణాటక తనవాళ్ళకు అదనంగా ఇచ్చేది మనకు రాదు. ఇంట్లో సగంమంది ఊళ్ళో ఉంటే వాళ్ళ వంతు అక్కడే వదిలేసి మన వంతు ఇక్కడ తీసుకునే వీలుంది. సిమెంటు పనిచేసే వాళ్ళకు వేలిముద్ర పడదు, కంటిపాప మెషీన్ ఉందా అని అడగాలి.

2022లో మొదలైన నిక్షయ్ మిత్ర కింద దాతలు ఆహారపు బుట్ట ఇస్తారు. పెద్దవాళ్ళకు నెలకు ధాన్యం 3 కిలోలు, పప్పు కిలోన్నర, నూనె పావుకిలో, పాలపొడి లేదా వేరుసెనగ కిలో అని నమూనా. అది కావాలంటే రోగి సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి. పేరు బయటికొస్తుందని చాలామంది చేయరు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అద్దె ఇంటి ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయమంటాడేమో అన్నది ఊహ కాదు. బుట్ట ఇంటికి కాకుండా కేంద్రంలో ఇమ్మని అడగొచ్చు. తిండికి ఎందుకింత ప్రాధాన్యమంటే, జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు బాగా తక్కువ. నెలకు 1,000 అంటే రోజుకు 33 రూపాయలు. రెండు గుడ్లు, గుప్పెడు సెనగకాయలు, అక్కడికి సరి.

తోటి రోగుల మాట కాగితాల విషయంలో ఎంత నమ్మదగ్గదో, మాత్రల విషయంలో అంత ప్రమాదం. అన్నీ ఒకేసారి మింగలేకపోతే పొద్దున రెండు, రాత్రి ఒకటి వేసుకోమంటారు. కూడదు, ఆ రోజు డోసు మొత్తం ఒకేసారి వేస్తేనే రక్తంలో మందు చాలినంత ఎక్కుతుంది. కడుపు మంటకు యాంటాసిడ్ బిళ్ళ కలిపి వేసుకోమంటారు, అది టీబీ మాత్రలోని ఐసోనియాజిడ్ అనే మందును ఒంటికి పట్టనివ్వదు. రెండో నెల దాటగానే దగ్గు పోతుంది, ఒళ్ళు తేరుకుంటుంది, ఇక చాలంటారు. మందుకు లొంగని టీబీ పుట్టేది అక్కడే.

మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది: 35 నుంచి 49 కిలోలకు మూడు, 50 నుంచి 64కు నాలుగు, 65 నుంచి 75కు ఐదు. నేను 47 కిలోలతో మూడు మాత్రల దగ్గర మొదలయ్యాను, బరువు పెరిగి గీత దాటాక నాలుగు చేశారు. 5 కిలోలకు మించి పెరిగి పై వరుసలోకి వెళ్తే మాత్రలు మార్చాలి, కాబట్టి నెలనెలా బరువు చూడమని మనమే అడగాలి. మూత్రం నారింజ రంగులో వస్తే బెదరక్కర్లేదు, రిఫాంపిసిన్ రంగు అది. కీళ్ళ నొప్పులు ఆ మాత్రలోనే ఉండే పైరజినమైడ్ అనే మందు వల్ల, అరికాళ్ళ తిమ్మిర్లు ఐసోనియాజిడ్ వల్ల. తిమ్మిర్లకు బీ6 బిళ్ళ ఇస్తారు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా మాత్రలు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళు మొదటే చెప్పాలి, రిఫాంపిసిన్ వాటిని పనిచేయనివ్వదు. షుగరు మాత్రలకూ ఇదే జాగ్రత్త.

ఇంట్లోవాళ్ళందరికీ పరీక్ష చేయించాలి. జబ్బు లేదని తేలినవాళ్ళకు రాకుండా ఆపే మందు ఉంది, వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే రకం ఒకటి, ఆరు నెలలు రోజూ వేసుకునేది ఒకటి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో దీన్ని వాయిదా వేయొద్దు.

కోర్సు ముగిసే ముందు తెమడ మళ్ళీ ఇచ్చి, ఫలితం కార్డు మీద రాయించుకోండి. తర్వాత 6, 12, 18, 24 నెలలకు చూపించుకోవాలి. పోషణ డబ్బు కోసం ఇచ్చిన ఖాతాను రెండో విడత పడే వరకూ మూయకండి, ఆ ఫోన్ నంబరు మార్చకండి. మందులు అయిపోయాక కూడా ఆ 3,000 ఆలస్యంగా రావచ్చు.