మ్యూనిక్‌లో తాత్కాలిక కాపురం

ఆన్‌సైట్‌కు, అంటే కంపెనీ పని మీద విదేశానికి, వెళ్తున్నామని చెప్పగానే యూరోలను రూపాయల్లోకి మార్చి లెక్క వేసేవాళ్ళే తప్ప, రెండు మూడేళ్ళ కోసం పరాయి నగరంలో కాపురం పెట్టడంలో ఉన్న ఇబ్బందుల గురించి చెప్పేవాళ్ళు అరుదు. చలి, భాష, తిండి అంటూ అందరూ ఏకరువు పెట్టే కష్టాలు కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. మ్యూనిక్‌లో మాకు ఎదురైన అసలు చిక్కు వేరు. అక్కడి ఏర్పాట్లన్నీ స్థిరపడేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవారు కూడా స్థిరపడేవారికి అయ్యే ఖర్చూ శ్రమా పూర్తిగా భరించాలి. వాటి ఫలితం చేతికి అందేసరికి పెట్టెలు సర్దుకోవాలి.

ఇంటి సంగతే చూడండి. జర్మనీలో అన్నిటికన్నా అద్దెలు మండిపోయే నగరం మ్యూనిక్. సామాను లేకుండా అద్దెకిచ్చే ఇళ్ళలో చాలావాటికి వంటగది కూడా ఉండదు. మేము చూసిన ఒక ఇంట్లో వంటగది అని చూపించిన చోట గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన నీటి గొట్టం, స్టవ్వు కోసం వదిలిన కరెంటు తీగ, పాత అలమరాలు ఊడదీసిన మరకలు మాత్రమే ఉన్నాయి. సింకు కూడా మనమే కొని బిగించుకోవాలి, లేదా ఖాళీ చేసి వెళ్ళే వారి దగ్గర వారు చెప్పిన ధరకు కొనుక్కోవాలి. పదేళ్ళు ఉండేవారికి అది సబబైన ఖర్చే. మనలాంటివారు పోనీ అన్నీ అమర్చిన ఇల్లు తీసుకుందామంటే, కుర్చీలకూ మంచాలకూ కలిపి అద్దె ఇంకా పైకి పోతుంది.

ఇల్లు దొరికాక కాగితాల గొలుసు మొదలవుతుంది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. 2015 నుంచి దానికి ఇంటి యజమాని రాసిచ్చిన ధ్రువపత్రం తప్పనిసరి. ఆ నమోదు అయితేగానీ పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో రాదు, అది లేకపోతే జీతంలో పన్ను అత్యధిక తరగతి కింద కోసే ప్రమాదం ఉంది. కొద్ది నెలల కోసం గది ఇచ్చేవారిలో కొందరు సరిగ్గా ఈ ధ్రువపత్రం దగ్గరే మొహం చాటేస్తారు. నమోదు అయిన కొన్నాళ్ళకు మాత్రం ఎవరూ పిలవకుండానే ఒక ఉత్తరం వస్తుంది: టీవీ, రేడియో ప్రసారాల చందా, ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేదన్నా, ఉన్నా జర్మన్ ఒక్క ముక్క అర్థం కాదన్నా మినహాయింపు లేదు.

వచ్చేటప్పటి కంటే వెళ్ళేటప్పుడు మరింత నలిగిపోతాం. అద్దెదారు ఇల్లు వదలాలంటే మామూలుగా మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు ముగిసే తేదీ మనకు అంత ముందుగా ఎవరు చెబుతారు? ముగ్గురు కొత్త అద్దెదారులను మనమే వెతికి చూపిస్తే యజమాని వదిలేయాల్సిందేనని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది కానీ, చట్టంలో అలాంటి నియమమేమీ లేదు. ఒప్పందంలో రాసి ఉంటేనో, యజమాని దయతలిస్తేనో తప్ప అది చెల్లదు. ఇక అడ్వాన్సు మూడు నెలల మూల అద్దె (నీళ్ళు, హీటింగు లాంటి ఖర్చులు కలపని అద్దె) వరకూ ఉంటుంది. నీళ్ళు, హీటింగు ఖర్చుల వార్షిక లెక్క తేలేదాకా యజమాని అందులో కొంత తన దగ్గరే ఉంచుకోవచ్చు. మేము హైదరాబాదు వచ్చేశాక కూడా ఆ సొమ్ము కోసమే అక్కడి బ్యాంకు ఖాతాను నెలల తరబడి మూయకుండా ఉంచాల్సి వచ్చింది.

మనుషుల విషయంలోనూ ఇదే వరస. "ఉన్న నాలుగు రోజులకి జర్మన్ ఎందుకండీ" అని మా పక్క వీధిలో ఉండే గుంటూరు దంపతులు అనేవారు. ఏళ్ళు గడిచినా బేకరీలో వేలితో చూపించే కొనేవారు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సగం సందేశాలు వెళ్ళిపోయేవారి అమ్మకాలే. మేము కొన్న వెట్ గ్రైండర్ మాకు ముందు ఎన్ని ఇళ్ళు తిరిగిందో తెలియదు: మూత పగిలి ఉండేది, తీగకు నల్ల టేపు చుట్టి ఉండేది, పిండి మాత్రం చక్కగా రుబ్బేది. స్నేహాలు అంత గట్టివి కావు. ఉగాదికి అద్దె హాల్లో కలిసి పచ్చడి పంచుకున్న కుటుంబం మరుసటి ఉగాదికి పుణెలోనో డాలస్‌లోనో ఉంటుంది. నాకు ఇది అన్నిటికన్నా కష్టంగా తోచింది.

ఇంటికి ఫోను చేయడానికి కూడా గడియారం అడ్డం వస్తుంది. చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయటపడితే ఇక్కడ రాత్రి పదిన్నర. అమ్మ పడుకుని ఉంటుంది.

పిల్లలున్నవారికి అసలు పరీక్ష బడి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో విద్యా సంవత్సరం సెప్టెంబరు మధ్యలో మొదలై జూలై చివరిదాకా సాగుతుంది. మనకు జూన్‌లో బడులు తెరుస్తారు. పైగా అక్కడ నాలుగో తరగతిలోనే పిల్లల దారి చాలావరకు తేలిపోతుంది: జర్మన్, గణితం, పరిసరాల పాఠం మూడింటిలో సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే యూనివర్సిటీ చదువులకు దారితీసే గిమ్నాజియం అనే హైస్కూలుకు అర్హత వస్తుంది. ఒకటే అక్కడ అన్నిటికన్నా మంచి మార్కు. మధ్యలో వచ్చి జర్మన్ నేర్చుకున్న పిల్లవాడు, ఆ భాషలోనే పెరిగిన పిల్లలతో సమంగా ఈ గీత దాటాలి. ఆఫీసువారు ఇంకో ఏడాది ఉండమని అడిగినప్పుడు, మావారూ నేనూ జీతం గురించి కాకుండా ఈ నాలుగో తరగతి గురించే మాట్లాడుకుని వద్దనుకున్నాం. జూన్‌కల్లా ఇక్కడ చేర్పించాలని తొందరపడటంతో మా అబ్బాయి అక్కడి మూడో తరగతి చివరి రెండు నెలలూ చదవలేదు. ఇప్పుడు హైదరాబాదులో నాలుగో తరగతిలో కూర్చుని, తోటివారు వ్యాసాలు రాస్తుంటే, హిందీ అక్షరాలు దిద్దుకుంటున్నాడు.